ఇంటి దగ్గర గుర్రం పెంచడం: కొట్టం కట్టడం నుంచి జీను వేసి ఎక్కేదాకా

గుర్రం కొందామనుకునే మనోళ్ళలో చాలామందికి ఆవులో గేదెలో మేపిన అనుభవం ఉంటది, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకైనా ఉంటది, ఆ ధైర్యంతోనే కొనేస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. గొడ్డుకి నాలుగు గదుల పొట్ట, గబగబా మేసి తర్వాత తీరిగ్గా నెమరేసుకుంటది, కాస్త అటూఇటూ తిన్నా తట్టుకుంటది. గుర్రానికి ఉండేది ఒకటే పొట్ట, అదీ 8 నుంచి 15 లీటర్లు పట్టేంత చిన్నది, నెమరు లేదు, పైగా వాంతి చేసుకోవడం దాని వల్ల కాదు, లోపలికి పోయింది వెనక నుంచే రావాలి. గడ్డి పీచు పులిసేదంతా వెనక పెద్దపేగులో. అందుకే దాని సిస్టమ్ కొంచెం కొంచెంగా రోజంతా మేస్తా ఉండటానికే తయారయ్యింది. పొద్దున ఒక మోపు సాయంత్రం ఒక మోపు పడేసే పద్ధతి గుర్రానికి పనికిరాదు. ఈ గైడ్‌లో ఎక్కడికక్కడ "గొడ్డుకి చేసేది గుర్రానికి ఎందుకు చేయకూడదు" అనేదే ఎక్కువ చెప్తా, ఎందుకంటే మన ఊళ్ళలో గుర్రాలకి జరిగే నష్టంలో చాలా భాగం ప్రేమగా చేసే ఈ అలవాట్ల వల్లే.

స్టెప్ 1: ముందు కొట్టం, ఆ తర్వాతే గుర్రం

గుర్రానికి కనీసం 12 అడుగులకి 12 అడుగుల గది కావాలి, అది పడుకుని దొర్లి లేవగలగాలి, ఇరుకైతే గోడకి కాళ్ళు తన్నుకుని ఇరుక్కుపోద్ది. కప్పు 10 అడుగులకి తక్కువ ఉండొద్దు, తల ఎత్తి లేచినప్పుడు దూలానికి కొట్టుకోకుండా. రేకులు వేస్తే మన ఎండలకి లోపల పొయ్యే, పైన తాటాకో వరిగడ్డో కప్పండి, లేదా చెట్టు నీడ పడే చోట కట్టండి. గాలి మాత్రం అటూఇటూ ఆడాలి.

కింద సిమెంట్ ఫ్లోర్ వేస్తే కడగడానికి ఈజీ అని అందరూ వేస్తారు, కానీ గుర్రం ఎక్కువసేపు నిలబడే ఉంటది, కునుకు కూడా నిలబడే తీస్తది, గట్టి సిమెంట్ మీద రోజంతా నిలబడితే కీళ్ళు పోతాయి, తడిస్తే జారుద్ది కూడా. బాగా దిమ్మిస కొట్టిన మట్టి నేల బెస్ట్, సిమెంటే ఉంటే పైన రబ్బర్ మ్యాట్లు, వాటి మీద వరి ఊకో రంపపు పొట్టో మందంగా. తడిసిన చోట రోజూ తీసెయ్యాలి, ఉచ్చ ఘాటు మీ కళ్ళకి తగులుతుందంటే దాని ఊపిరితిత్తులకీ తగులుతున్నట్టే.

కంచె విషయంలో ఒకటే మాట, ముళ్ళతీగ వద్దు. గొడ్డు ముళ్ళతీగ చూసి ఆగుద్ది, గుర్రం బెదిరితే చూడదు, నేరుగా పోయి పడుద్ది, కాళ్ళ చర్మం చీలి వేలాడతది. కర్ర దుంగలు, పైపులు, వెడల్పు టేపు, ఏదైనా పర్లేదు. కట్టేయడానికి మెడకి పలుపు, వెనక కాళ్ళకి తాళ్ళు వేసే పద్ధతి కూడా మానేయండి, ఆ తాళ్ళు ఒరుసుకుపోయిన మచ్చలు జీవితాంతం ఉంటాయి. తలకి హాల్టర్ (కళ్ళెం లేని తలపట్టీ) వేసి, లాగితే వెంటనే ఊడొచ్చే ముడితో, దాని కళ్ళ ఎత్తులో కట్టండి. ఇంకోటి, ఒంటరి గుర్రం బెంగ పడుద్ది, కొట్టంలో అటూఇటూ ఊగడం, చెక్క కొరకడం మొదలుపెడతది. రెండో గుర్రం కొనే స్థోమత లేకపోతే తోడుగా ఒక గాడిదో మేకో ఉన్నా చాలావరకు సర్దుకుంటది.

చుట్టూ ఏ చెట్లున్నాయో కూడా చూడండి. గన్నేరు అందం కోసం గేటు పక్కన పెడతారు కదా, దాని ఆకులు కొన్ని చాలు గుర్రం గుండె ఆగిపోవడానికి, ఎండిన ఆకులు కూడా విషమే. ఆముదం గింజలూ అంతే. ఇక ప్రకాశం, గుంటూరు, కృష్ణా వైపు ఎక్కడ చూసినా సుబాబుల్ తోటలే, మేకలకి వేస్తాం కదా అని గుర్రానికి వేస్తే అందులో ఉండే మైమోసిన్ వల్ల జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి, గిట్టలు కూడా పాడవుతాయి.

స్టెప్ 2: ఏ గుర్రం కొనాలి

మన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మార్వారీ, కాఠియావారీ. చెవులు లోపలికి వంగి కొనలు దాదాపు కలుసుకుంటాయి, చూడగానే తెలిసిపోద్ది. మార్వారీ ఎత్తు మామూలుగా 58 నుంచి 62 అంగుళాలు, ఎండకి బాగా ఓరుస్తది. పెళ్ళి బరాత్‌లకి వాడే తెల్లవాటిని నుక్రా అంటారు. సంతలు కావాలంటే రాజస్థాన్‌లో పుష్కర్, మహారాష్ట్రలో నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడా, మన నిజామాబాద్, ఆదిలాబాద్ వాళ్ళకి దగ్గర్లో అయితే నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతర. పాడేరు ఏజెన్సీలో సంతకి సరుకు మోసే పొట్టి గుర్రాలు వేరే రకం, కొండ ఎక్కడంలో వాటికి తిరుగులేదు కానీ పెద్దమనిషిని మోయడానికి చిన్నవి.

మూడో దారి, హైదరాబాద్ మలక్‌పేట లాంటి చోట్ల రేసుల నుంచి రిటైర్ అయిన థారోబ్రెడ్‌లు, అంటే రేసుల కోసం పెంచే జాతి గుర్రాలు. చవకగా వస్తాయి కాబట్టి టెంప్ట్ అవుతారు. గుర్రం మంచిదే, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేను వద్దనే అంటా. దానికి నేర్పిందే పగ్గం బిగిస్తే ఇంకా ముందుకి దూకమని, మీరు భయపడి పగ్గం లాగేకొద్దీ అది స్పీడ్ పెంచుద్ది. పైగా ముందు కాళ్ళ నరాలు (కండని ఎముకకి కలిపే టెండన్లు) అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు.

మొదటి గుర్రానికి 7 ఏళ్ళు పైబడి, మనుషుల్ని మోసి అలవాటున్న ఆడ గుర్రం గానీ విత్తులు తీయించిన మగ గుర్రం గానీ చూసుకోండి. సుమారు 5 ఏళ్ళకి ముందుపళ్ళన్నీ మారిపోతాయి, కాబట్టి పాలపళ్ళు ఇంకా కనిపిస్తే అది పిల్ల కిందే లెక్క. బేరగాళ్ళు సుడుల గురించి గంట చెప్తారు, ఏ సుడి ఇంటికి కలిసొస్తది ఏది రాదు అని. వినండి, తప్పులేదు, కానీ ఆ గంటలో సగం టైమ్ దాని కాళ్ళ మీద పెట్టండి. గట్టి నేల మీద ట్రాట్ (చిన్న పరుగు) చేయించి చూడండి, ప్రతి అడుగుకీ తల పైకీ కిందకీ ఊగుతుంటే కుంటుతున్నట్టే. నాలుగు గిట్టలూ ఎత్తనిస్తుందా, జీను వేస్తే కరుస్తుందా, ఓనరే ముందు ఎక్కి చూపిస్తాడా, ఇవన్నీ డబ్బులివ్వకముందే తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం గ్లాండర్స్ రక్త పరీక్ష రిపోర్ట్. ఇది మనుషులకి కూడా అంటుకునే జబ్బు, గుర్రానికి వస్తే చికిత్స చేయనివ్వరు, 2009 చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాలి, పాజిటివ్ అని తేలిన గుర్రాన్ని నొప్పి లేకుండా చంపేయాల్సిందే. మన దేశంలో గుర్రాల జబ్బులకి పెద్ద సంస్థ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. రిపోర్ట్ లేకుండా సంత నుంచి తెచ్చి నేరుగా ఇంట్లో మిగతా గుర్రాల పక్కన కట్టొద్దు, కనీసం రెండు మూడు వారాలు వేరే చోట ఉంచండి, బకెట్ కూడా వేరే వాడండి.

స్టెప్ 3: బరువు కొలిచి మేత వేయడం

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. కాటా లేకపోయినా బరువు కట్టొచ్చు. టైలర్ టేపు తీసుకుని ముందు కాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు అంచు నుంచి పిరుదు చివరి దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతని దానితోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 150 అనుకోండి, దాదాపు 323 కిలోలు. నెలకోసారి రాసి పెట్టుకుంటే చిక్కుతుందో కొవ్వెక్కుతుందో కంటికంటే ముందు టేపు చెప్తది.

రోజుకి దాని బరువులో సుమారు 2 శాతం మేత కావాలి, కానీ ఆ లెక్క నీళ్ళు తీసేసిన ఎండు లెక్క. ఇక్కడే అందరూ పొరపాటు పడేది. పచ్చిగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీళ్ళే, కాబట్టి 15 కిలోల పచ్చిగడ్డి వేశామంటే నిజానికి 3 కిలోలే వేసినట్టు. పైన చెప్పిన 323 కిలోల గుర్రానికి 15 కిలోల పచ్చిగడ్డి, 3 కిలోల ఎండుగడ్డి, ఒక కిలో దాణా, ఇలా వేస్తే తేలికపాటి స్వారీకి సరిపోద్ది. దీన్ని నాలుగు పూటలుగా విడగొట్టండి, రాత్రి పడుకోబోయే ముందు వేసే ఎండుగడ్డి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దు, రాత్రంతా ఖాళీ పొట్టతో ఉంటే అల్సర్లు వస్తాయి.

ఎండుగడ్డికి జొన్న చొప్ప, ఎండబెట్టిన మంచి గడ్డి బాగుంటాయి. జొన్న మాత్రం లేతగా ఉన్నప్పుడు, నీళ్ళెద్దడికి వాడినప్పుడు పచ్చిగా వేయొద్దు, అందులో సైనైడ్ ఉంటదని పశువులున్న రైతులకి తెలిసిందే. వరిగడ్డి పూర్తి మేతగా పెట్టకండి, బలం లేదు, నీళ్ళు తక్కువ తాగిన రోజు పేగులో ఉండకట్టి కూర్చుంటది. చాఫ్ కట్టర్‌లో మరీ పొడిలా కొట్టకుండా 2, 3 అంగుళాల ముక్కలు ఉంచండి.

ఇప్పుడు సూపర్ నేపియర్ సంగతి. పాడి ఉన్న ప్రతి ఊళ్ళో ఇదే గడ్డి, పెరగడమూ బాగా పెరుగుద్ది, కాబట్టి గుర్రానికీ ఇదే వేస్తారు. ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. ఆవు పొట్టలో ఉండే సూక్ష్మజీవులు చాలావరకు ఆ ఆక్సలేట్లని విరగ్గొట్టేస్తాయి, గుర్రానికి ఆ అవకాశం తక్కువ. దీనికి తోడు మనం తవుడు దండిగా కలుపుతాం, తవుట్లో ఫాస్ఫరస్ ఎక్కువ, అదీ కాల్షియాన్ని దెబ్బకొట్టేదే. రెండూ కలిసి కొన్ని నెలలు నడిస్తే ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటది, ఎముక బోలుగా మారి ముఖం రెండు వైపులా ఉబ్బుద్ది, అప్పుడప్పుడు ఒక్కో కాలు కుంటుద్ది, ఎందుకో ఎవరికీ అర్థంకాదు. నేపియర్ తప్పనిసరైతే సగానికి మించనీయకండి, మిగతా సగం లూసర్న్ అనే పప్పుజాతి మేత గానీ వేరే గడ్డి గానీ ఉండాలి, తవుడు గుప్పెడికి పరిమితం చేయండి, కాల్షియం పొడి ఎంత కలపాలో డాక్టర్‌ని అడగండి.

దాణాకి ఉలవలు మన పాత పద్ధతి, మంచిదే, కాకపోతే పచ్చివి వేయకుండా రాత్రి నానబెట్టి ఉడికించి గుగ్గిళ్ళు చేసి పెట్టండి. ఓట్స్, బార్లీ దొరికితే ఇంకా మంచిది. ఒక పూటకి దాణా కిలోన్నర దాటొద్దు. ఏ మేత మార్చినా 7 నుంచి 10 రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ మార్చాలి.

అస్సలు పెట్టకూడనివి: కుడితి, మిగిలిన అన్నం, ఫంక్షన్‌లో మిగిలిన పులిహోర. పిండి పదార్థం ఒక్కసారిగా పెద్దపేగులోకి పోతే అక్కడ పులిసి విషాలు పుట్టి గిట్టల లోపలి పొరలు వాస్తాయి, ల్యామినైటిస్ అంటారు, గుర్రం ముందు కాళ్ళు చాపి వెనక్కి ఒరిగి నిలబడుద్ది, ముదిరితే మళ్ళీ ఎక్కే ఆశ ఉండదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క వద్దు. కోళ్ళ ఫీడ్, కొన్ని పశువుల ఫీడ్‌లలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, కోడికీ గొడ్డుకీ అది పర్లేదు, గుర్రానికి కొంచెం పోయినా గుండె కండరం దెబ్బతిని చచ్చిపోద్ది. అందుకే ఫీడ్ బస్తాలు గుర్రానికి అందే చోట పెట్టనే పెట్టకండి.

నీళ్ళు రోజుకి 25 నుంచి 45 లీటర్లు, మే నెలలో ఇంకా ఎక్కువే. తొట్టి నీడలో ఉండాలి, పాచి రోజూ కడగాలి. పక్కన రాతి ఉప్పు గడ్డ ఒకటి వేలాడదీస్తే దానికి కావాల్సినంత నాక్కుంటది.

ఖర్చు గురించి ఒక్క మాట, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత ఊరికే రాలేదు. మీరు ఎక్కని రోజు కూడా ఇదంతా వేయాల్సిందే, సాయిస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం, లాడాల ఖర్చు, డాక్టర్ ఫీజు వేరు. కొన్న ధర చూసుకుని మురిసిపోకుండా నెల ఖర్చు కాగితం మీద వేసి చూసుకోండి.

స్టెప్ 4: రోజువారీ మాలీసు, గిట్టలు

పొద్దున్నే ముందు గుర్రాన్ని కాదు, లద్దిని చూడండి. రోజుకి 8 నుంచి 12 సార్లు వేస్తది, ఉండలు పచ్చగా విడివిడిగా పడాలి. రాత్రంతా తక్కువ వేసిందంటే ఏదో తేడా ఉంది.

దగ్గరికి పోయేటప్పుడు మాట్లాడుతూ భుజం వైపు నుంచి పోవాలి, సరిగ్గా ముక్కు ముందు, తోక వెనక దానికి కనపడదు, అక్కడ ఉలిక్కిపడితే తంతది. తాడు చేతికి చుట్టుకోవద్దు, పిల్లలకి ఇది పదే పదే చెప్పాలి. రబ్బర్ బ్రష్‌తో గుండ్రంగా రుద్ది మట్టి లేపి, గట్టి బ్రష్‌తో దులిపి, మెత్తటి దానితో ముగించండి. ఈ మాలీసు అందం కోసమే అనుకోవద్దు, జీను పడే చోట, తంగు పట్టీ (జీనుని పొట్ట కింద నుంచి బిగించేది) పడే చోట చెయ్యి పెట్టి తడిమితే పుండ్లు, వాపులు, పేలు, పిడుదులు అప్పుడే దొరుకుతాయి.

తర్వాత నాలుగు గిట్టలూ ఎత్తి కొక్కెంతో మడమ నుంచి ముందుకి గీకి శుభ్రం చేయండి. మధ్యలో మెత్తగా త్రికోణంలా ఉండేది నొక్కితే రబ్బరులా ఉండాలి, వానాకాలంలో అది నల్లగా మెత్తబడి కంపు కొడితే కుళ్ళు మొదలైనట్టు. అప్పుడు శుభ్రంగా కడిగి ఆరబెట్టి పలచటి మైలుతుత్తం నీళ్ళు పూస్తారు, కానీ కొట్టం పొడిగా పెట్టకుండా ఎన్ని పూసినా వేస్టే. 6 నుంచి 8 వారాలకి ఒకసారి గిట్టలు చెక్కించాలి, లాడాలు ఉన్నా లేకపోయినా. మట్టి నేల మీదే తిరిగితే లాడాలు అక్కర్లేదు, తారు రోడ్డు ఎక్కువైతే కావాలి. ఎద్దులకి నాడాలు కొట్టేవాళ్ళతో మాత్రం కొట్టించొద్దు, గుర్రం గిట్ట లెక్క వేరు, మేకు ఒక నూలు లోపలికి పోతే నెలల తరబడి కుంటుద్ది. పని తెలిసిన నాల్‌బంద్‌లు (గుర్రాలకి లాడాలు కొట్టేవాళ్ళు) రేసు కోర్సుల దగ్గర, రైడింగ్ స్కూళ్ళ దగ్గర దొరుకుతారు, ఇద్దరు ముగ్గురు గుర్రాల ఓనర్లు కలిసి పిలిపించుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

స్టెప్ 5: ఒంట్లో బాలేదని ఎలా తెలుస్తది

కొట్టం గోడ మీద ఈ అంకెలు పెయింట్‌తో రాసేయండి. టెంపరేచర్ 99 నుంచి 101.5 ఫారెన్‌హీట్. గుండె నిమిషానికి 28 నుంచి 44, దవడ కింద నరం పట్టుకుంటే తెలుస్తది. ఊపిరి 8 నుంచి 16. చిగుళ్ళు గులాబీ రంగు, వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. బాగున్న రోజుల్లోనే కొలిచి అలవాటు చేసుకోండి.

కడుపు నొప్పి, అంటే కోలిక్, ఇంటి గుర్రాలకి పెద్ద గండం. మేత మానేసి పక్కకి తిరిగి పొట్ట వైపు చూసుకోవడం, ముందు కాలితో నేల గీకడం, పడుకోవడం లేవడం, దొర్లడం, ఒళ్ళంతా చెమట. వెంటనే మేత తీసేయండి, డాక్టర్‌కి ఫోన్ కొట్టండి, అది ఒప్పుకుంటే మెల్లగా నడిపించండి. ఊళ్ళో ఎవరో ఒకరు వెదురు గొట్టం పట్టుకుని నూనె, ఇంగువ, వాము కషాయం నోట్లో పోద్దామంటారు. పోయనీయకండి. నొప్పితో ఉన్న గుర్రం మింగడం సరిగ్గా ఉండదు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే కోలిక్ తగ్గినా న్యుమోనియాతో పోద్ది. డాక్టర్ అయితే ముక్కులోంచి పొట్టలోకి ట్యూబ్ వేసి పోస్తారు. గుండె నిమిషానికి 60 దాటి తగ్గకపోతే పరిస్థితి సీరియస్, పెద్ద హాస్పిటల్‌కి తీసుకుపోయే ఏర్పాటు చూసుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్స్ నంబర్ 1962, రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. మీ మండలం డాక్టర్ మంచాయనే అయ్యుండొచ్చు కానీ గుర్రాలు చూసిన అనుభవం ఉందా అని కొనకముందే అడిగి పెట్టుకోండి.

టీకాల్లో ధనుర్వాతం అస్సలు మిస్ చేయకండి, పెంపుడు జంతువుల్లో దానికి త్వరగా లొంగేది గుర్రమే, లద్ది ఉన్న నేలలో ఆ క్రిమి ఎప్పుడూ ఉంటది, చిన్న మేకు గుచ్చుకున్నా చాలు. మీరు కూడా టీటీ వేయించుకోండి. వీధికుక్కలున్న చోట రేబిస్ టీకా. వానలు పడ్డాక జోరీగలు మొదలవుతాయి, అవి సర్రా అనే రక్తపు జబ్బు తెస్తాయి, జ్వరం వచ్చి పోతా ఉంటది, గుర్రం మేస్తూనే చిక్కిపోద్ది, పొట్ట కింద, కాళ్ళకి నీరు దిగుద్ది. రక్త పరీక్ష చేయించకుండా ఊరికే జ్వరం ఇంజెక్షన్లు వేస్తూ పోతే లాభం లేదు. నట్టల మందు కూడా లద్ది టెస్ట్ చేయించి అవసరమైతేనే.

కోస్తా వాళ్ళకి ఇంకో సమస్య, ఉక్కపోత ఎక్కువున్న చోట కొన్ని గుర్రాలకి చెమట పట్టడం ఆగిపోద్ది. పని చేయించాక ఒళ్ళు పొడిగా ఉండి డొక్కలు ఎగరేస్తుంటే వెంటనే నీడకి తెచ్చి నీళ్ళు పోయండి, అలాంటి గుర్రాన్ని ఎండాకాలం ఎక్కకపోవడమే మేలు.

స్టెప్ 6: జీను వేసి ఎక్కడం

ముందు బరువు లెక్క. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటొద్దు. 350 కిలోల గుర్రమైతే 70 కిలోలు, అందులో జీనుకే 7, 8 కిలోలు పోతాయి. 90 కిలోల మనిషి సన్నటి మార్వారీ ఎక్కి ఫోటో దిగితే లైకులు వస్తాయేమో కానీ దాని నడుము పోద్ది.

గద్దీని (జీను కింద పరిచే మెత్తటి గుడ్డ) కొంచెం ముందుకి వేసి వెంట్రుకల వాటంగా వెనక్కి జరపండి, మడతలు ఉండకూడదు. దాని మీద జీను, వెన్నెముక మీద కాకుండా రెండు పక్కలా ఆనాలి, మధ్యలో వెలుతురు కనపడాలి. తంగు ఒకేసారి లాగి బిగించకండి, చాలా గుర్రాలు ఆ టైమ్‌లో పొట్ట ఉబ్బిస్తాయి, కొంచెం బిగించి పది అడుగులు నడిపించి మళ్ళీ బిగించండి, రెండు వేళ్ళు దూరేంత సందు చాలు. కళ్ళెం నోటి మూలల్లో ఒకటి రెండు ముడతలు పడేలా ఉండాలి. ముళ్ళున్న కళ్ళెం కొందరు అమ్ముతారు, 1965 నుంచి రూల్స్ ప్రకారం అది నిషేధం, పైగా నోరు పుండైన గుర్రం నొప్పికి భయపడి ఇంకా పరిగెడతది.

హెల్మెట్ పెట్టుకోండి, మడమ ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులతో ఎక్కితే పాదం రికాబులోంచి, అంటే కాలు పెట్టే రింగులోంచి, దూరిపోయి పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోద్ది. ఎడమ వైపు నుంచి ఎక్కాలి, అరుగో దిమ్మో పక్కన నిలబెట్టి ఎక్కితే దాని వెన్ను మీద లాగుడు ఉండదు. కూర్చున్నాక చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాలి, పాదం ముందు భాగం రికాబులో, మడమ కిందకి. పగ్గాలు పట్టుకుని బ్యాలెన్స్ చేసుకోవద్దు, అది మీ బరువు దాని నోటికి వేలాడదీయడమే.

మొదటి నెల నడకే, ఆపడం, తిప్పడం, వెనక్కి నడపడం. పిక్కలతో మెల్లగా నొక్కితే కదలాలి, మీరు నడుము గట్టి చేసి ఊపిరి వదిలితే ఆగాలి, పగ్గం చివర్లో. ఆ తర్వాత ట్రాట్, రెండు దరువులది, ఆ దరువుకి తగ్గట్టు లేస్తూ కూర్చుంటూ పోవాలి. మార్వారీల్లో కొన్నిటికి రేవాల్ అనే నడక ఉంటది, పైన కూర్చున్నోడికి కుదుపే తెలీదు, కానీ దాని మీదే నేర్చుకుంటే వేరే గుర్రం ట్రాట్‌లో కూర్చోలేరు. క్యాంటర్, అంటే ట్రాట్ కంటే వేగమైన పరుగు, మూడు దరువులు, అది ట్రైనర్ పక్కన లేకుండా మొదలుపెట్టొద్దు. గుర్రం అదుపు తప్పుతున్నట్టు అనిపించగానే, ఇంకా స్పీడ్ అందుకోకముందే, రెండు పగ్గాలూ గుంజకుండా ఒక వైపు పగ్గం మెల్లగా తొడ వైపు లాగి గుండ్రంగా తిప్పండి, తిరుగుతూ తిరుగుతూ తగ్గుద్ది. దౌడులో ఉండగా ఒక్కసారిగా లాగితే గుర్రమే పడిపోద్ది, అప్పుడు పెద్ద సర్కిల్ తీసుకోవాలి.

ఎక్కడ ఎక్కాలంటే కాలవ గట్లు, ఇసుక దారులు బ్రహ్మాండం. నల్లరేగడి చేలల్లో ఎండాకాలం బెత్తెడు పగుళ్ళుంటాయి, కాలు ఇరుక్కుంటే విరగడమే. తారు రోడ్డు మీద నడక వరకే. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున 7 లోపు దిగిపోవాలి. దాణా పెట్టిన గంటన్నర దాకా ఎక్కొద్దు. డీజే మోత వినపడితే దిగి నడిపించుకుపోండి, ఇందులో పరువేం పోదు.

దిగాక తంగు ఒక రంధ్రం వదులు చేసి పది నిమిషాలు నడిపించండి. వేడి మీదున్న గుర్రానికి నీళ్ళు పెట్టకూడదని పాతవాళ్ళు అంటారు, కొంచెం కొంచెంగా పెట్టొచ్చు, ఏం కాదు, ఒంటి మీద కూడా ధారగా పోయండి. 15, 20 నిమిషాలకి గుండె 60 లోపుకి రావాలి, రాలేదంటే ఆరోజు పని ఎక్కువైనట్టు, రేపు తగ్గించండి. గద్దీ తీసి చెమట మచ్చ చూడండి, రెండు పక్కలా సమంగా తడిసి ఉండాలి, మధ్యలో ఒకచోట మాత్రం పొడిగా మచ్చ ఉంటే అక్కడ జీను మరీ నొక్కుతుందన్నమాట. అదే చోట రేపు వాపు, వచ్చే నెల తెల్ల వెంట్రుకలు వస్తాయి, కాబట్టి ఆ జీను సరిచేయించేదాకా ఎక్కకుండా నడకకి మాత్రమే తీసుకుపోండి.